పటం మీద నడిచే వాన

పిల్లలూ! ఈ నెల మనం బందరు పోదాం రండి. పటంలో దాని పేరు మచిలీపట్నం. కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణం అదే. బందరు అనగానే మీలో చాలామందికి లడ్డు గుర్తుకు వచ్చి ఉంటుంది. లడ్డు తప్పకుండా తిందాం. కాని ఈసారి మనం చూడబోయే వింత వేరే ఉన్నది. బందరులో ఒక కన్ను ఉన్నది. అది చీకట్లో కూడా చూస్తుంది. మబ్బు అడ్డం వచ్చినా చూస్తుంది. సముద్రం మీద వంద, రెండు వందల కిలోమీటర్ల దూరాన పడుతున్న వానను కూడా చూస్తుంది. ఆ కన్ను చూసిన వానను కంప్యూటరులోని పటం మీదికి ఎలా తెస్తారు? అక్కడ దాన్ని ఎలా నడిపిస్తారు? ఇదే మన యాత్రలో తెలుసుకోవలసిన సంగతి.

బెజవాడలో రైలెక్కితే గుడివాడ మీదుగా బందరు చేరవచ్చు. దారికి రెండు పక్కలా వరిచేలు, కాలవలు, కొబ్బరిచెట్లు. బందరు ఇంకా కొంచెం దూరం ఉందనగా పెడన అనే ఊరు వస్తుంది. అక్కడ ఒకసారి దిగుదాం. పటానికీ పెడనకూ ఏమిటి సంబంధం అని అడుగుతారేమో. చెబుతాను, వినండి.

పెడనలో కలంకారీ అద్దకం చేస్తారు. ముందుగా బట్టను కరక్కాయ రసం, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తరువాత చెక్క అచ్చులతో అద్దుతారు. ఒక పువ్వు అద్దాలంటే ఒక అచ్చు చాలదు. నల్లని గీతలకు ఒక అచ్చు, ఎర్రని రేకులకు ఇంకొకటి, మరో రంగుకు మరొకటి. మొదటి అచ్చు మీద రెండవ అచ్చు సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా ఎరుపు గీత దాటిపోతుంది, పువ్వు పాడవుతుంది. అందుకే పనివారు ప్రతి అచ్చునూ మూలలు చూసుకొని మరీ వేస్తారు.

కంప్యూటరు పటం కూడా ఇలాంటి అద్దకమే. అడుగున ఊళ్లు, రోడ్లు, నదులు, సముద్రతీరం ఉన్న పటం ఒక పొర. దాని మీద వాన బొమ్మ ఇంకొక పొర. పై పొర పలచగా, అద్దంలాగా ఉండాలి. లేకపోతే కింది ఊళ్ల పేర్లు కనిపించవు. రెండు పొరలూ మూలమూలలా కలవాలి. కలవకపోతే బందరులో పడే వాన గుడివాడలో పడుతున్నట్టు కనిపిస్తుంది! ఈ ఒక్క పోలిక గుర్తుంచుకొని ముందుకు పోదాం.

బందరు చేరాం. ఒకప్పుడు ఇది గొప్ప రేవు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ఇక్కడ వర్తకం చేశారు. ఈ ప్రాంతపు అద్దకపు బట్టలు ఓడలెక్కి దేశదేశాలకు పోయాయి. అయితే సంపద తెచ్చిన ఆ సముద్రమే 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో ఊరిమీదికి వచ్చింది. బందరులోనూ, చుట్టుపట్లా కలిపి ముప్పైవేలమంది దాకా చనిపోయారని లెక్క కట్టారు. అంతకు ముందు నెలలోనే కలకత్తాను ఇంకొక పెద్ద తుపాను నాశనం చేసింది. తరువాతి సంవత్సరాలలో వానలు లేక కరువులు వచ్చాయి. గాలినీ, వాననూ దేశమంతటా ఒక పద్ధతిగా గమనించే కార్యాలయం కావాలని అప్పుడు పెద్దలకు తోచింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

ఆ శాఖవారి రాడారే మనం చెప్పుకొన్న కన్ను. తుపానులను కనిపెట్టే రాడారు మన దేశంలో మొదట 1970లో విశాఖపట్నంలో పెట్టారు. ఆ తరువాత తీరం వెంబడి మరికొన్ని వచ్చాయి. బందరులో ఇప్పుడున్నది డాప్లర్ రాడారు. రాడారులో ముఖ్యమైన భాగం ఒక పెద్ద గిన్నె. ఎండకూ, గాలికీ దెబ్బతినకుండా దాని మీద గుండ్రని డొప్ప కప్పుతారు. దూరం నుంచి చూస్తే ఎత్తయిన కట్టడం మీద పెద్ద బంతి పెట్టినట్టు ఉంటుంది. గిన్నె లోపల తిరుగుతూనే ఉంటుంది, మనకు కనిపించదు. ఇది ప్రభుత్వం వారి స్థలం గనక అనుమతి లేనిదే లోపలికి పోరాదు.

అది ఎలా పనిచేస్తుందో చూడండి. నూతిలోకి తొంగి చూసి "ఓ!" అని కేక వేస్తే ఏమవుతుంది? కేక తిరిగి వస్తుంది. రాడారు కూడా కేక వేస్తుంది. అయితే అది శబ్దం కాదు, రేడియో తరంగం. బందరు రాడారు తరంగం పొడవు సుమారు పది సెంటీమీటర్లు. ఆ తరంగం వానచినుకులకు తగిలి కొద్దిగా వెనక్కు వస్తుంది. అది సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గనక, నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న వానను తాకి తిరిగి రావటానికి దానికి పట్టే కాలం సెకండులో వెయ్యో వంతు! ఎంతసేపటికి తిరిగి వచ్చిందో చూసి, వాన ఎంత దూరంలో ఉన్నదీ తెలుసుకుంటారు. గిన్నె ఎటు తిరిగి ఉన్నదో చూసి, వాన ఏ దిక్కున ఉన్నదీ తెలుసుకుంటారు. ప్రతిధ్వని ఎంత బలంగా ఉన్నదో చూసి, వాన ఎంత జోరుగా ఉన్నదీ అంచనా వేస్తారు. ఆ బలానికి తగ్గట్టు బొమ్మలో రంగులు వేస్తారు. సాధారణంగా నీలం, ఆకుపచ్చ అయితే చిన్న వాన. పసుపు అయితే పెద్ద వాన. ఎరుపు అయితే కుంభవృష్టి, ఒక్కొక్కప్పుడు వడగళ్లు కూడా.

మరి డాప్లర్ అంటే ఏమిటి? అది ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడి పేరు. రైలు కూత వేస్తూ మన దగ్గరికి వస్తుంటే కూత సన్నగా, దాటి పోతుంటే బొంగురుగా వినిపిస్తుంది. దీనికి కారణమైన సూత్రాన్ని ఆయన 1842లో చెప్పాడు. 1845లో బైస్ బలో అనే డచ్చి శాస్త్రజ్ఞుడు బాకాలు ఊదేవాళ్లను రైలెక్కించి, సంగీతం తెలిసిన వాళ్లను పట్టాల పక్కన నిలబెట్టి, ఇది నిజమేనని రుజువు చేశాడు. చినుకులు గాలితో పాటు కొట్టుకుపోతూ రాడారు వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా, ఎంత వేగంతో పోతున్నాయి అనే సంగతులు ఈ సూత్రం వల్లనే తెలుస్తాయి.

ఇక పటం తయారు చేద్దాం. మీ ఇంట్లోనో, బడిలోనో కంప్యూటరు ఉంటే, దానితో కొంచెం పరిచయం ఉన్న అన్నయ్యో, అక్కయ్యో తోడుంటే ఇది మీరూ చేయవచ్చు. అడుగు పొరగా ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే పటాన్ని తీసుకోవచ్చు. 2004లో మొదలైన ఆ పటాన్ని లోకమంతటా ఉన్న ఔత్సాహికులు కలిసి గీస్తున్నారు. అడుగున వాళ్ల పేరు రాయటం మన ధర్మం, అది వాళ్లు పెట్టిన నియమం కూడా. ఈ పటం ఒకే కాగితం కాదు, చతురస్రపు పలకలుగా ఉంటుంది. మొదటి మెట్టులో ప్రపంచమంతా ఒకే పలక. ఒక మెట్టు దగ్గరికి పోతే నాలుగు పలకలు, ఇంకొక మెట్టు పోతే పదహారు. పది మెట్లు పోయేసరికి 10,48,576 పలకలవుతాయి! కంప్యూటరు వాటన్నిటినీ తీసుకురాదు. మీరు చూస్తున్న చోటికి కావలసిన నాలుగైదు పలకలనే తెచ్చి అతికిస్తుంది.

దాని మీద వాన పొర పరచాలి. ఇక్కడే పెడన పనివారి జాగ్రత్త మనకు కావాలి. బొమ్మ నాలుగు అంచులూ ఎక్కడికి వస్తాయో కంప్యూటరుకు మనమే చెప్పాలి. పలకా బలపం తీసుకోండి. బందరు సుమారు 16.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81.1 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. రాడారు బొమ్మ నలువైపులా 250 కిలోమీటర్లు చూపిస్తుందనుకోండి. ఒక అక్షాంశ డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. 250ని 111తో భాగిస్తే 2.25. కాబట్టి ఉత్తరపు అంచు 18.45, దక్షిణపు అంచు 13.95. బాగానే ఉన్నది. తూర్పు పడమరలకు కూడా 2.25 వేద్దామా? వేయకూడదు! రేఖాంశాలు ధ్రువాల దగ్గర కలుస్తాయి గదా. భూమధ్యరేఖ నుంచి పైకి పోయినకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది. బందరు దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 107 కిలోమీటర్లే. అంచేత ఇటు 2.34 వేయాలి. తూర్పు అంచు 83.44, పడమటి అంచు 78.76. ఈ కొంచెం తేడా చూసుకోకపోతే బొమ్మ అంచున ఉన్న వాన తొమ్మిది, పది కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. ఒక ఊరి వాన ఇంకొక ఊరి నెత్తిన పడినట్టు కనిపిస్తుంది! భూగోళం పాఠం ఎందుకండీ అని బడిలో అడిగే పిల్లలకు ఇదే జవాబు.

పొర కుదిరింది. ఇప్పుడు దాన్ని నడిపించాలి. మీరు నోటుపుస్తకం మూలల్లో పేజీకొక బొమ్మ గీసి, బొటనవేలితో జరజరా తిప్పి, మనిషిని పరుగెత్తించలేదూ? ఇదీ అంతే. రాడారు పది నిమిషాలకొక బొమ్మ ఇస్తుందనుకుందాం. రెండు గంటల కథ చూడాలంటే ఎన్ని బొమ్మలు కావాలి? పన్నెండు అని తొందరపడకండి. మొదటి బొమ్మనూ లెక్క పెట్టాలి. పదమూడు! ఆ పదమూడింటినీ ముందుగానే తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచాలి. ఒకదాన్ని మాత్రం కనిపించనిచ్చి, మిగతావాటిని పూర్తిగా పారదర్శకం చేయాలి. అర సెకండు కాగానే దాన్ని దాచి, తరువాతిదాన్ని చూపాలి. చివరి బొమ్మ దగ్గర రెండు సెకండ్లు ఆగి, మళ్లీ మొదటికి రావాలి. కొత్త బొమ్మ రాగానే అన్నిటికంటే పాతదాన్ని తీసివేయాలి. ఇంతే! వాన పటం మీద నడుస్తుంది. వాతావరణ శాఖవారు ఇలా కదిలే రాడారు బొమ్మలను తమ వెబ్‌సైటులో అందరికీ చూపిస్తున్నారు. వాటిని మన పటంలో పెట్టుకోవాలంటే మాత్రం ముందు వారి నియమాలు చదివి, కావలసిన అనుమతి తీసుకోవాలి.

నడిచే వానతో లెక్కలు కూడా చేయవచ్చు. సాయంత్రం ఆరింటి బొమ్మలో వాన మీ ఊరికి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆరున్నర బొమ్మలో 45 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అరగంటలో 15 కిలోమీటర్లు, అంటే గంటకు 30 కిలోమీటర్లు నడిచింది. ఇదే దారిన, ఇదే వేగంతో వస్తే ఎనిమిది గంటలకు మీ ఊరు చేరుతుంది. "వస్తే" అన్న మాట మరువకండి. మబ్బు దారిలో పెరగవచ్చు, కరగవచ్చు, పక్కకు తిరగవచ్చు. కదిలే బొమ్మ జరిగినదే చెబుతుంది గాని జరగబోయేది చెప్పదు.

పటం చేయటం నేర్చుకున్నాం. దాన్ని చదవటం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే బందరు నుంచి దక్షిణంగా దివిసీమకు పోవాలి. పులిగడ్డ దగ్గర కృష్ణానది పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, సముద్రం దాకా ఉన్న పల్లపు నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, నది సముద్రంలో కలిసే హంసలదీవి, అన్నీ అక్కడివే. పచ్చని పొలాలు, చేపల పడవలు, తీరాన మడచెట్లు. చూడటానికి ఎంతో అందమైన చోటు.

1977 నవంబరు 19వ తేదీన ఆ సీమను ఉప్పెన ముంచివేసింది. తాటిచెట్లంత ఎత్తున వచ్చిందని ఆనాటివారు చెబుతారు. తీరాన నీరు అయిదు మీటర్ల దాకా లేచిందని తరువాత లెక్క కట్టారు. సుమారు పదివేలమంది మరణించారు. తుపాను కన్ను తీరం దాటింది దివిసీమ దగ్గర కాదు. ఇంకా నైరుతిగా, చీరాల, నిజాంపట్నం వైపున. అయినా దివిసీమ మునిగింది. ఎందుకు? మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుదిక్కున తిరుగుతుంది. కంటికి కుడిపక్కన ఉన్న తీరం మీదికి ఆ గాలి సముద్రాన్ని తోసుకువస్తుంది. దివిసీమ ఆ కుడిపక్కన ఉన్నది. తీగలు తెగాయి, దారులు మూసుకుపోయాయి. లోపల ఏం జరిగిందో బయటివారికి వెంటనే తెలియలేదు. అక్కడి నుంచి ఏ కబురూ రాలేదు. కబురు రాకపోవటం క్షేమానికి గుర్తు కాదని ఆ రోజు తేలింది.

అందుకని మనం పటం చేసినా, ఇంకొకరు చేసిన పటం చూసినా నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, బొమ్మ మీది కాలం. అది ఎప్పటి బొమ్మ? చాలా రాడారు బొమ్మల మీద మన గడియారపు కాలం ఉండదు, ప్రపంచకాలం ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన కాలం వస్తుంది. 2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నం మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతున్నది. మనకు ఒంటిగంట అయినప్పుడు ప్రపంచకాలం 7:30. ఆ అంకె చూసి ఉదయం ఏడున్నర అనుకొన్నవాడు, "ఇది పొద్దుటి సంగతి గదా! ఇప్పటికి దాటిపోయి ఉంటుంది" అని బయటికి పోతాడు. ఎంత ప్రమాదమో చూడండి! పటం చేసేవారు మన కాలాన్ని పెద్ద అక్షరాలతో రాయాలి.

రెండవది, ఖాళీ. బొమ్మలో రంగు లేకపోతే వాన లేదని అర్థం. కాని రాడారు ఆగిపోయినా, బొమ్మ అందకపోయినా పటం ఖాళీగానే ఉంటుంది! "వాన లేదు" వేరు, "వార్త లేదు" వేరు. బొమ్మ రానప్పుడు పటం మీద "బొమ్మ అందలేదు" అని రాయాలి. పాత బొమ్మను కొత్తదిగా చూపించటమూ, ఖాళీని నిర్మలమైన ఆకాశంగా చూపించటమూ అబద్ధం చెప్పటంతో సమానం.

మూడవది, దీపం కింద చీకటి. రాడారు నేరుగా తన నెత్తిమీదికి చూడలేదు. కాబట్టి తనకు బాగా దగ్గరగా, పైన ఉన్న మబ్బు దానికి సరిగా అందదు. దూరాన ఇంకొక చిక్కు. భూమి గుండ్రంగా ఉన్నది, కిరణం కొంచెం పైకి ఎత్తి ఉంటుంది. అంచేత వంద కిలోమీటర్ల దూరంలో కిరణం నేలకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున, రెండు వందల కిలోమీటర్ల దూరంలో నాలుగు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దాని కిందుగా పడే వాన తప్పించుకోవచ్చు. ఒక రాడారుకు అందనిది పక్క ఊరి రాడారుకు అందుతుంది. అందుకే తీరం పొడుగునా రాడారులు కావాలి.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. రాడారు వానను చూస్తుంది, ఉప్పెనను చూడదు. దివిసీమలో ప్రాణాలు తీసింది ఉప్పెన. పటం మీద మీ ఊరి దగ్గర ఎర్రరంగు లేకపోవచ్చు. అయినా ఊరు ఖాళీ చేయమని అధికారులు చెబితే, తుపాను రక్షణ భవనానికి పోవలసిందే. "పటంలో వాన కనిపించటం లేదు గదా" అని ఇంట్లో కూర్చోకూడదు. హెచ్చరిక ఇచ్చేవారు రాడారు ఒక్కటే చూడరు. ఉపగ్రహాల చిత్రాలు, ఓడల కబుర్లు, సముద్రంలో తేలే బోయాల కొలతలు, గణితపు లెక్కలు అన్నీ చూసి చెబుతారు.

పెద్దలకు ఒక మాట. పిల్లలు ఫోనులో కదిలే వాన బొమ్మ చూస్తూ ఉంటే, "ఏ కాలపు బొమ్మరా అది?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ ఒక్క అలవాటు చాలు.

పిల్లలూ! ఇప్పుడు మీకొక పని. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు కనుక్కొని పుస్తకంలో రాసుకోండి. మీకు దగ్గరలో ఉన్న రాడారు ఏ ఊళ్లో ఉన్నదో, మీ ఊరు దానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో లెక్క కట్టండి. ఈసారి మబ్బు పట్టినప్పుడు అరగంట తేడాతో రెండు బొమ్మలు చూసి, వాన మీ ఊరికి ఎన్నింటికి వస్తుందో ముందుగా రాసి పెట్టండి. తరువాత వాకిట్లో నిలబడి, మొదటి చినుకు పడిన వేళను దాని పక్కనే రాయండి. రెండు అంకెలూ కలిస్తే సంతోషించండి. కలవకపోతే ఎందుకు కలవలేదో ఆలోచించండి. ఉరుములు వినిపిస్తే మాత్రం లెక్క ఇంట్లోకి వచ్చి చేసుకోండి సుమా!